కాగితం మీద గెలిచే పాత గ్రాఫిక్స్ కార్డు

మా మేనల్లుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పోయిన నెల ఓ రాత్రి రెండు గ్రాఫిక్స్ కార్డుల (కంప్యూటర్ తెర మీద బొమ్మలు గీసే భాగాల) వివరాలు పక్కపక్కన రాసుకుని, ఆ కాగితాన్ని ఫొటో తీసి పంపాడు. ఎడమవైపు ఏఎండీ ఆర్ఎక్స్ 580, 2017 నాటిది, సెకండ్ హ్యాండ్. కుడివైపు అదే కంపెనీ 2021 అక్టోబరులో తెచ్చిన ఆర్ఎక్స్ 6600. కోర్లు (చిప్ లోపల లెక్కలు చేసే చిన్న యూనిట్లు) పాతదానిలో 2304, కొత్తదానిలో 1792. మెమరీ బస్, అంటే చిప్‌కూ మెమరీకీ మధ్య దారి వెడల్పు, పాతది 256 బిట్లు, కొత్తది 128. మెమరీ వేగం సెకనుకు పాతది 256 జీబీ, కొత్తది 224 జీబీ. మెమరీ రెండింటిలోనూ 8 జీబీ. పాతది గెలిచిన ప్రతి వరుసకూ ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి, కింద ఒకే ప్రశ్న రాశాడు: "మామయ్యా, అన్నింట్లో పాతదే పైచేయి. మరి కొత్తదానికి అంత ధర ఎందుకు?"

వాడు రాసిన అంకెల్లో ఒక్కటీ తప్పు లేదు. అయినా ఆ రెండు కార్డులనూ ఒకే కంప్యూటర్లో పెట్టి ఒకే గేమ్ నడిపితే ఆర్ఎక్స్ 6600 సగటున ఒకటిన్నర రెట్లకు పైగా ఫ్రేములు (సెకనుకు తెర మీద గీసే బొమ్మలు) ఇస్తుంది. అదీ తక్కువ కరెంటుతో. బంధువులకు, స్నేహితుల పిల్లలకు కంప్యూటర్లు బిగించి ఇచ్చే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. పాత కార్డా, కొత్త కార్డా అని తేల్చుకోలేని వాళ్లలో చాలామంది సరిగ్గా ఈ కాగితం దగ్గరే ఆగిపోతున్నారు. వాడికి ఫోనులో చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

కోర్ల లెక్క తరం దాటితే చెల్లదు

కోర్ల సంఖ్యను ఒకే తరం కార్డుల మధ్య పోల్చవచ్చు. తరం మారితే ఆ అంకెకు అర్థమే మారుతుంది. ఆర్ఎక్స్ 580 గరిష్ఠంగా 1340 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. ఆర్ఎక్స్ 6600 దాదాపు 2490 దాకా వెళుతుంది. కోర్లు తక్కువే అయినా ఒక్కో కోరు ఇంచుమించు రెట్టింపు జోరుతో పని చేస్తుంది. రెండింటినీ గుణించి, ఒక్కో కోరు ప్రతి చక్రంలో రెండు లెక్కలు చేస్తుంది కాబట్టి రెట్టింపు చేస్తే పాతదానికి 6.17 టెరాఫ్లాప్‌లు (సెకనుకు అన్ని లక్షల కోట్ల లెక్కలు), కొత్తదానికి 8.9 వస్తాయి. ఆ టెరాఫ్లాప్‌ల తేడా కూడా అసలు తేడా కన్నా తక్కువే, ఎందుకంటే కొత్త తరం డిజైన్ ప్రతి చక్రంలోనూ కోర్లను ఖాళీగా ఉంచకుండా పని పెడుతుంది.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటి ఉంది. ఈ రెండు చిప్‌ల వైశాల్యం దాదాపు సమానం. పాతది 232 చదరపు మిల్లీమీటర్లు, కొత్తది 237. కానీ 14 నానోమీటర్ల పద్ధతిలో చేసిన పాత చిప్‌లో 570 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటే, 7 నానోమీటర్ల కొత్త చిప్‌లో 1100 కోట్లకు పైగా ఉన్నాయి. గోరంత చోటులో నాలుగేళ్లలో రెట్టింపు సరుకు పట్టించారు. కోర్లు తగ్గి ట్రాన్సిస్టర్లు ఎందుకు పెరిగాయో తెలిస్తే ఆ కాగితం మీది మిగతా రెండు టిక్కులూ వాటంతటవే చెరిగిపోతాయి.

పోటీ కంపెనీ ఎన్విడియా వైపు ఇదే చిక్కు తలకిందులుగా వస్తుంది. 2019 జనవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 2060కి 1920 కోర్లు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060కి 3584. ఇంచుమించు రెట్టింపు కదా అని రెట్టింపు వేగం ఆశిస్తే నిరాశే. ఆ తరంలో కంపెనీ కోర్లను అమర్చే తీరు, లెక్కించే తీరు మారిపోయాయి. ఒక్కో బ్లాకులో దశాంశ లెక్కలు చేసే యూనిట్లు 64 నుంచి 128 అయ్యాయి, వాటిలో సగం పూర్ణాంకాల పని కూడా చూసుకోవాలి. అంకె పెరిగినంతగా వేగం పెరగలేదు.

బావి, గోలెం

మెమరీ వేగం లెక్క సులువు. బస్ వెడల్పును ఒక్కో తీగ వేగంతో గుణించి ఎనిమిదితో భాగించాలి. ఆర్ఎక్స్ 580లో 256 బిట్లు, ఒక్కో తీగకు సెకనుకు 8 గిగాబిట్లు. కాబట్టి 256 జీబీ. ఆర్ఎక్స్ 6600లో 128 బిట్లు, 14 గిగాబిట్లు. కాబట్టి 224. బస్ సగమైనా మెమరీ రకం జీడీడీఆర్5 నుంచి జీడీడీఆర్6కి మారడంతో వేగం పెద్దగా పడిపోలేదు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060ది కూడా 128 బిట్ల బస్సే. కానీ జీడీడీఆర్7 తీగ 28 గిగాబిట్లు మోయగలదు కాబట్టి అది 448 జీబీ దాకా వెళుతుంది. బస్ వెడల్పు ఒక్కటే చూసి కార్డును తీసిపారేయకూడదు.

ఆ 224 అయినా 256 కన్నా తక్కువే కదా అని మేనల్లుడు పట్టుబట్టాడు. ఆర్ఎక్స్ 6600 చిప్ లోపలే 32 ఎంబీ క్యాషే, అంటే తరచూ కావాల్సిన సమాచారాన్ని దగ్గర పెట్టుకునే చిన్న మెమరీ, ఉంది. బావి దగ్గర ఎన్ని చేదలు ఒకేసారి వేయగలిగినా, ప్రతి చెంబు నీళ్లకూ బావి దాకా నడవాల్సిన ఇల్లు ఒకటి. బావి చిన్నదే అయినా వంటింట్లో గోలెం నిండా నీళ్లున్న ఇల్లు ఇంకొకటి. రెండో ఇంట్లో వంట ముందు అవుతుంది. అదనంగా పట్టిన ట్రాన్సిస్టర్లలో కొంత భాగం ఆ గోలేనికే పోయింది. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 కూడా ఇదే దారి పట్టింది. దాని 24 ఎంబీ రెండో స్థాయి క్యాషేను చూడకుండా 272 జీబీ అన్న అంకెను చూస్తే, 360 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 ముందు అది వెలవెలబోతుంది. గేముల్లో మాత్రం 1080పీ (ఫుల్ హెచ్‌డీ) స్పష్టత దగ్గర 4060 సుమారు 15 నుంచి 20 శాతం ముందుంటుంది, 170 వాట్లకు బదులు 115 వాట్లతో.

మెమరీ పరిమాణం మాత్రం ఏ తరంలోనూ అబద్ధం చెప్పదు

తరం మారినా అర్థం మారని అంకె పట్టికలో ఒకటే ఉంది. కార్డులో ఎన్ని జీబీల మెమరీ ఉందన్నదే అది. కోర్లు నెమ్మదిగా ఉంటే గేమ్ కాస్త నెమ్మదిగా నడుస్తుంది. మెమరీ చాలకపోతే గేమ్ తడబడుతుంది, గోడల మీది బొమ్మలు మసకబారుతాయి, మూడు నిమిషాలకోసారి తెర ఆగి కదులుతుంది. వీడియో ఎడిటింగ్‌లో అయితే ఎగుమతి మధ్యలో ఆగిపోతుంది. కృత్రిమ మేధ మోడళ్ల విషయంలో అసలు మొదలే కాదు.

ఆ చివరి మాటకు ఒక లెక్క చూపిస్తాను. 1300 కోట్ల పరామితులు (మోడల్ నేర్చుకుని దాచుకున్న అంకెలు) ఉన్న భాషా మోడల్‌లో ఒక్కోదాన్ని నాలుగు బిట్లకు కుదిస్తే కనీసం ఆరున్నర జీబీ. దానికి సంభాషణ గుర్తుంచుకునే చోటు, ఇతర ఖర్చులు కలిపితే 8 జీబీ కార్డులో ఇరుకు. 12 జీబీ కార్డులో హాయిగా కూర్చుంటుంది. అందుకే గేముల్లో వెనకబడిన 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060, చదువుకునే పిల్లల దగ్గర ఇప్పటికీ 8 జీబీ 4060 కన్నా విలువైనది. నా మటుకు నాకు ఈ ఒక్క కారణం చాలు.

కొనేటప్పుడు ఆ 12 జీబీ అన్న మాట పెట్టె మీద చదివి తీరాలి. అదే 3060 పేరుతో 8 జీబీ, 128 బిట్ల కార్డు కూడా తర్వాత వచ్చింది. దాని మెమరీ వేగం 240 జీబీ మాత్రమే. జీటీఎక్స్ 1060లోనూ అంతే, 6 జీబీ కార్డుకు 1280 కోర్లుంటే 3 జీబీ కార్డుకు 1152. అన్నింటికన్నా ఘోరం జీటీ 1030. జీడీడీఆర్5 ఉన్నదానికి 48 జీబీ వేగం, డీడీఆర్4తో వచ్చినదానికి 16.8. పేరు ఒకటే, పెట్టె ఒకటే, లోపలి సరుకు మూడో వంతు. ఒక పేరు కింద రెండు రకాల సరుకు అమ్మడం కొనేవాడికి చేసే అన్యాయమనే నేను గట్టిగా నమ్ముతున్నాను.

పట్టికలో రాయని వరుస: మద్దతు ఎన్నాళ్లు

2016 జులైలో వచ్చిన జీటీఎక్స్ 1060 మన దగ్గర ఎన్ని ఇళ్లలో ఎంత కాలం సేవ చేసిందో చెప్పలేను. ఎంతోమంది పిల్లలు దాని మీదే మొదటి గేమ్ ఆడారు, మొదటి వీడియో కోశారు. ఆ తరానికి గేముల డ్రైవర్లు (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా మూడు నెలలకోసారి ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. తొమ్మిదేళ్లకు పైగా మద్దతు దొరికిందంటే తక్కువేమీ కాదు. అయితే ఇవాళ డబ్బు పెట్టి ఆ కార్డు కొంటే, ముగిసిన ఆ తొమ్మిదేళ్లను కొంటున్నట్టే. కార్డు మీద గేములే కాక ఇతర లెక్కలూ చేయించే ఎన్విడియా సాఫ్ట్‌వేర్ పేరు క్యూడా. 2025 ఆగస్టులో వచ్చిన క్యూడా 13 ఆ తరాన్ని పూర్తిగా వదిలేసింది.

ఆర్ఎక్స్ 580 పరిస్థితి ఇంకా ముందే మారింది. 2023 చివర్లోనే ఏఎండీ ఆ తరాన్ని వేరే డ్రైవర్ శాఖలోకి నెట్టి, అత్యవసర సవరణలకు పరిమితం చేసింది. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2025 చివర్లో ఆర్ఎక్స్ 5000, 6000 తరాలను కూడా వేరే శాఖలోకి మార్చింది. వినియోగదారులు మండిపడిన తర్వాత కొత్త గేములకు మద్దతు కొనసాగుతుందని వివరణ ఇచ్చింది. కాబట్టి ఆర్ఎక్స్ 6600 కొనేవాళ్లు దాన్ని మూడు, నాలుగేళ్ల కార్డుగా చూసుకోవాలి, ఏడేళ్ల కార్డుగా కాదు.

డ్రైవర్లు ఉన్నా హార్డ్‌వేర్ లేకపోతే కొన్ని తలుపులు తెరుచుకోవు. రే ట్రేసింగ్ (వెలుతురు కిరణాల దారిని లెక్కకట్టి బొమ్మ గీసే పద్ధతి) కోసం ప్రత్యేక యూనిట్లు లేని కార్డు మీద అసలు మొదలే కాని గేములు 2024 చివరి నుంచి వస్తున్నాయి. డూమ్: ది డార్క్ ఏజెస్ వాటిలో ఒకటి. జీటీఎక్స్ 1080 టీఐ అప్పట్లో మహారాజు. 3584 కోర్లు, 11 జీబీ, 484 జీబీల వేగం. ఇప్పటికీ చాలా గేముల్లో నిలబడుతుంది. కానీ ఈ తలుపు దగ్గర దాన్ని ఆపేస్తారు. మరోవైపు 2019 నాటి చిన్న ఆర్‌టీఎక్స్ 2060కి డీఎల్ఎస్ఎస్ కొత్త రూపం 2025లో కూడా అందింది. బొమ్మను చిన్నదిగా గీసి స్పష్టంగా పెంచే ఆ విద్య వల్ల పాత కార్డు ఆయుష్షు పెరుగుతోంది. ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు పుట్టించే భాగం మాత్రం ఆర్‌టీఎక్స్ 40 తరం నుంచే.

కార్డు కన్నా ముందు మీ పెట్టెను చూడండి

క్యాబినెట్ తలుపు తెరవకుండా కార్డు ఎంచుకోవద్దని నేను అందరినీ బతిమాలుకుంటాను. ముందు ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే డబ్బా) మీది చీటీ చదవండి. మదర్‌బోర్డు స్లాటు 75 వాట్లు ఇస్తుంది, ఆరు పిన్నుల తీగ ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150. ఆర్ఎక్స్ 580కి 185 వాట్లు కావాలి. ఆర్ఎక్స్ 6600కి 132, దానికి కంపెనీ సూచన 450 వాట్ల ఎస్ఎంపీఎస్. ఆర్‌టీఎక్స్ 4060, 5060లకు సూచన 550. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన పేరులేని ఎస్ఎంపీఎస్ మీద "500 వాట్లు" అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా నేను నమ్మను. కార్డు కోసం దాచిన డబ్బులో కొంత దానికి పెట్టడమే తెలివైన పని.

కరెంటు బిల్లు సంగతి చాలామంది అడుగుతారు. ఆర్ఎక్స్ 580, ఆర్ఎక్స్ 6600ల మధ్య తేడా 53 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఏడాది పొడవునా ఆడినా 77 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 620 రూపాయల లోపే. బిల్లు కోసమే కొత్త కార్డు కొనడం దండగ. వేడి మాత్రం వేరే కథ. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో, గది ఎంత వేడెక్కితే కార్డు ఇంచుమించు అంతే అదనంగా వేడెక్కుతుంది. ఆ 53 వాట్లు మీ మోకాళ్ల పక్కనే వేడిగాలిగా బయటికి వస్తాయి. ఎండాకాలంలో పాత కార్డు ఫ్యాను మోత విన్నవాళ్లకు ఇది వివరించనవసరం లేదు.

తర్వాత మదర్‌బోర్డు. ఆర్ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060, 5060 మూడూ పదహారు లేన్ల (డేటా దారుల) స్లాటులో ఎనిమిదే వాడుకుంటాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 (ఆ స్లాటు పాత ప్రమాణం) ఉన్న పాత బోర్డులో దారి సగమో అంతకన్నా తక్కువో అవుతుంది. మెమరీ సరిపోతున్నంత సేపు నష్టం తక్కువే. 8 జీబీ నిండిపోయిన క్షణం నుంచి ఆ ఇరుకు దారి తెలిసొస్తుంది. నాలుగు లేన్లే ఉన్న 4 జీబీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీని పాత బోర్డులో పెట్టడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఇంటెల్ ఆర్క్ బీ580 12 జీబీతో మంచి ధరకు వచ్చింది. కానీ బయోస్‌లో (మదర్‌బోర్డు మూల సాఫ్ట్‌వేర్‌లో) రీసైజబుల్ బార్ అన్న, ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే అమరిక లేని కంప్యూటర్లో అది సగం కార్డే. ఇక మానిటర్‌కు నీలం వీజీఏ తీగ మాత్రమే ఉంటే, కొత్త కార్డుల్లో దానికి చోటే ఉండదని ముందే తెలుసుకోండి. కన్వర్టర్ కొనాలి.

ఆఫీసుల నుంచి వచ్చిన రీఫర్బిష్డ్ కంప్యూటర్లు కొన్నవాళ్లకు దారి ఇంకా సన్నం. వాటిలో చాలావాటికి అదనపు పిన్నుల తీగే ఉండదు. స్లాటు ఇచ్చే 75 వాట్లలోనే సర్దుకోవాలి. పాత జీటీఎక్స్ 1050 టీఐ, 1650 వెతుక్కుంటూ తిరిగే బదులు 2024లో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 చూడండి. 70 వాట్లు, రే ట్రేసింగ్, డీఎల్ఎస్ఎస్ రెండూ ఉన్నాయి. సన్నని క్యాబినెట్ అయితే పొట్టి రకం కావాలని అడిగి తీసుకోండి.

సెకండ్ హ్యాండ్ కార్డును చేతిలోకి తీసుకుంటే

కొన్నేళ్ల కిందట నేనూ ఒక ఆర్ఎక్స్ 580 కొన్నాను. పెట్టె మీద 580 అనే ఉంది, స్టిక్కరు కొత్తగా మెరుస్తోంది. ఇంటికి తెచ్చి బిగించి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అన్న సాఫ్ట్‌వేర్ తెరిచాను. షేడర్లు (కోర్లకే ఇంకో పేరు) అన్న గడిలో 2304 ఉండాల్సిన చోట 2048 కనిపించింది. 2018లో చైనా మార్కెట్ కోసం అదే పేరుతో తెచ్చిన రకం అది. అసలు సత్తాకు అది ఆర్ఎక్స్ 570. అమ్మినతను "పేరు అదే కదా సార్" అన్నాడు. పేరు అదే. నేను కొన్నది మాత్రం పేరును కాదు. ఆ రోజు నుంచి తెర మీద ఆ గడి చూడకుండా డబ్బు చేతికివ్వలేదు.

మీరూ అలాగే చేయండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కొన్నా, ఎవరి ఇంటికో వెళ్లి కొన్నా, కార్డు కంప్యూటర్లో నడుస్తుండగానే జీపీయూ-జెడ్‌లో కోర్లు, బస్ వెడల్పు, మెమరీ రకం, పరిమాణం చూడండి. బయోస్ మార్చి పాత చిప్‌ను కొత్త పేరుతో చూపించే నకిలీ కార్డులను ఆ సాఫ్ట్‌వేర్ చాలావరకు పట్టేస్తుంది. పేరు ముందే నకిలీ అని రాస్తుంది. తర్వాత కార్డు మీద పూర్తి భారం వేసి పరీక్షించే ఫర్‌మార్క్ సాఫ్ట్‌వేర్ పదిహేను నిమిషాలు నడపండి. తెర మీద చుక్కలు, గీతలు వస్తే మెమరీ పోతోందని అర్థం. ఫ్యాను ఆగాక వేలితో మెల్లగా తిప్పండి, గరగర వినిపించకూడదు. వెనకవైపు స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారన్నమాట. విప్పడం తప్పు కాదు, ఎందుకు విప్పారో అడగండి.

మైనింగ్ (క్రిప్టో కరెన్సీ సంపాదనకు ఎడతెగని లెక్కలు) చేసిన కార్డుల భయం చాలామందికి ఉంది. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, దానికి కార్డుల అవసరం లేకుండా పోవడంతో ఆ కార్డులు కుప్పలుగా బజారులోకి వచ్చాయి. నిలకడగా ఒకే వేడిలో నడిచిన చిప్‌కు అంత ప్రమాదం లేదు. అరిగేవి ఫ్యాన్లు, మెమరీ మీది వేడిని లాగే ప్యాడ్లు. వాటిని మార్చుకునే ఓపిక ఉంటే కొనండి. అమెరికా నుంచి అన్నయ్య తెస్తానన్న కార్డు విషయంలో మాత్రం ముందుగా ఆ బ్రాండ్ వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో కనుక్కోండి. 18 శాతం జీఎస్టీ మిగిలిందని సంతోషపడి, ఫ్యాను పాడైన రోజు కార్డును తిరిగి విమానమెక్కించాల్సి వస్తే మిగిలిందేమీ ఉండదు.

ధర గురించి నా కొలత ఒకటే. వారంటీ ముగిసిన కార్డుకు, అదే పని చేసే కొత్త కార్డు ధరలో సగం కన్నా ఎక్కువ ఇవ్వను. గేములే ప్రధానమై, కొత్తది కొనగలిగితే 16 జీబీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ లేదా 16 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ వైపు చూస్తాను. అవే పేర్లతో ఉన్న 8 జీబీ రకాలను వదిలేస్తాను. తక్కువ డబ్బులో 1080పీ చాలనుకుంటే ఆర్ఎక్స్ 6600 ఇప్పటికీ మంచిదే. ఇంట్లో ఇప్పటికే జీటీఎక్స్ 1060 ఉండి పాత గేములు, తరగతి వీడియోలు దాని మీద సాగిపోతుంటే, దుమ్ము దులిపి, చిప్ మీది వేడిని లాగే పేస్టు మార్చి వాడుకోండి. ఉన్న కార్డును తీసేయమని నేను చెప్పడం లేదు, దాన్ని కొత్తగా కొనవద్దంటున్నాను.

మేనల్లుడిని ఆ రాత్రి చివరిగా ఒకటే అడిగాను: "గేములు సరే, వచ్చే సెమిస్టర్లో ఏం సబ్జెక్టులున్నాయిరా?" డీప్ లెర్నింగ్ ఉందన్నాడు. ఆ కాగితం మీది రెండు కార్డులనూ కొట్టేయమన్నాను. క్యూడా నేర్చుకోవాలంటే ఎన్విడియా కావాలి, మోడళ్లు పట్టాలంటే మెమరీ కావాలి. పది రోజులు వెతికి, బిల్లుతో సహా, వారంటీ ఇంకా కొన్ని నెలలున్న ఆర్‌టీఎక్స్ 3060 పట్టుకున్నాడు. ఎస్ఎంపీఎస్ ముందే 550 వాట్లది మార్పించాను. అమ్మేవాళ్ల ఇంట్లోంచే జీపీయూ-జెడ్ తెర ఫొటో పంపాడు. 3584, 192 బిట్లు, 12288 ఎంబీ. ఫర్‌మార్క్ నడపమన్నాను. పావుగంట తర్వాత 71 డిగ్రీలని, గీతలేమీ లేవని ఫోను చేశాడు. డబ్బు ఇచ్చేయమన్నాను.